చెవికి చిల్లు, చేతిలో పుస్తకం

బాబాయికి అమ్మడు నమస్కారాలతో,

ఇక్కడ క్షేమం లేదు, అక్కడైనా ఉందనుకుంటాను.

లాండ్రీలో సూపర్‌వైజరుగా చేరేముందు నువ్వేమన్నావు? "నలుగురిని నడిపించేవాళ్ల చెవికి చిల్లుంటుందే, విన్నదల్లా జారిపోతుంది. ఎవరేం చెప్పినా రాసుకో" అన్నావు. రాసుకుంటున్నాను బాబాయ్! మొదటివారం బాగానే మాట్లాడారు. ఇప్పుడు పుస్తకం తెరిస్తే చాలు, నోళ్లు మూతపడుతున్నాయి. ఉద్యోగాలు ఊడేవాళ్ల పేర్లు రాస్తున్నానట! ఇస్త్రీ మిషను దగ్గర ఒకావిడుంది, గొంతు పెద్దదని అందరూ 'ఉరుము' అంటారు. ఆవిడ కూడా సైగలు చేస్తోంది! నన్ను ఉంచాలో పంపాలో ఓనరుగారు ఈ నెలాఖరుకి తేలుస్తారు. నోరు విప్పని మనుషులతో పనెలా చేయించను?

నీ అమ్మడు

తా.క. నిన్న నేనేదో రాసుకుంటుంటే మడతలు పెట్టే పెద్దాయన వచ్చి, "ఇంకా ఇద్దరు పిల్లల చదువులున్నాయమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను రాసింది ఉల్లిపాయలు, సబ్బు.

*

చిరంజీవి అమ్మడికి బాబాయి దీవెనలు.

నీ ఉత్తరం చదివి నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది. గుట్టుగా రాసుకుంటే జనం భయపడరూ? రాసింది రాసినట్టు అందరిముందూ చదివెయ్. ఓనర్ని కూడా కూర్చోబెట్టు. ఎవరి మాట వాళ్ల మాటగానే ఉండాలి, ఉప్పూకారం తగ్గించకు. ముప్పై ఏళ్లు గిడ్డంగి నడిపినవాణ్ణి చెబుతున్నాను, బెదరకు.

ఇట్లు, బాబాయి

తా.క. నా గొడుగు మీ ఇంట్లో వదిలానేమో చూడు. నేను మీ ఇంటికొచ్చి రెండేళ్లయిందని మీ పిన్ని అంటోంది. నాకు గుర్తులేదు.

*

బాబాయికి అమ్మడు రాసేది,

నువ్వన్నట్టే అందరిముందూ చదివాను. ముందువరసలో ఓనరుగారు. మొదటివారంలో ఉరుము నాతో చెప్పిన మాట వచ్చింది: "ఆరబెట్టే మిషను తలుపు వదులైందని మొత్తుకుంటున్నా. మా ఓనరుకి చెవులున్నది కళ్లజోడు తగిలించుకోడానికే." ఉప్పూకారంతో సహా చదివేశాను! ఆయన మొహం ఉతికిన దుప్పటిలా తెల్లబోయింది. విసవిసా వెళ్లి ఆ తలుపు పట్టుకు లాగారు. తలుపు చేతికొచ్చేసింది! ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయారు. రేపు తన గదికి రమ్మన్నారు. నా ఉద్యోగం గోవిందా!

అమ్మడు

తా.క. ఉరుము ఏమీ బెదరలేదు. "తప్పు రాశావు. నేనన్నది 'మా మొద్దు ఓనరు' అని" అంటూ అక్కడే సవరించింది.

*

అమ్మడికి దీవెనలు.

ఓనరు ఎదురుగా అవన్నీ చదవమని ఏ తలమాసినవాడు చెప్పాడే నీకు? వాడెవడో చెప్పు, వచ్చి నాలుగు దులిపేస్తాను.

బాబాయి

తా.క. గొడుగు సంగతి రాయలేదు నువ్వు.

*

బాబాయికి, నమస్కారం పెట్టాలో వద్దో తేల్చుకోలేని అమ్మడు రాసేది,

ఆ తలమాసినవాడివి నువ్వే! "ఓనర్ని కూడా కూర్చోబెట్టు" అని నీ చేత్తో రాసిన ఉత్తరం నా ముందుంది.

సరే, విను. ఓనరుగారు తిట్టలేదు. "ఆ తలుపు ఎవరిమీదైనా పడుంటే?" అని కుర్చీలో కూలబడ్డారు. నా ఉద్యోగం ఖాయం చేశారు! సంతోషం పట్టలేక ఏడ్చేశాను. చెప్పినమాట గాలికి పోదని అందరికీ ధైర్యం వచ్చింది. ఉరుమైతే పక్కనే నిలబడి "ఇదీ రాయి, ఇదీ రాయి" అంటోంది. ఇది నేర్పిన బాబాయిగారు వచ్చి మా అందరికీ ఒక గంట చెప్పాలని ఓనరుగారి కోరిక. సోమవారం పొద్దున పదింటికి, నీలం గేటు. రాసుకో!

నీ అమ్మడు

తా.క. ఎదురుగా ఆకుపచ్చ గేటున్నది మా పోటీ లాండ్రీ. అటు వెళ్లకు.

*

చిరంజీవి అమ్మడికి దీవెనలు.

మీవాళ్లు బంగారమే! గంట అడిగి రెండు గంటలు కదలకుండా విన్నారు. "రాసుకోని పెద్దరికం చిల్లుకుండ" అన్నాను, ఒకటే చప్పట్లు. ఓనరమ్మ స్వయంగా గుమ్మందాకా సాగనంపింది. ఓనరు మగవాడని నువ్వు రాసినట్టు లీలగా గుర్తు. ఉరుమేదని అడిగితే అందరూ ఆకాశంకేసి చూశారు. నువ్వేమో ఎక్కడా కనబడలేదు. బయటికొచ్చి వెనక్కి తిరిగి చూద్దును కదా, గేటు ఆకుపచ్చగా ఉంది! సిగ్గేసి, నీ కంటపడకుండా బస్సెక్కేశాను.

ఇట్లు, తలమాసిన బాబాయి

తా.క. వాళ్లకి సూపర్‌వైజరు లేడట, ఆ ఉద్యోగం నాకిచ్చారు. కాదనలేకపోయాను. ఎప్పుడు చేరాలో, జీతమెంతో ఓనరమ్మ వివరంగానే చెప్పింది. నువ్వోసారి ఎదురుగేటుకెళ్లి కనుక్కుని, రాసుకుని, నాకు ఉత్తరం రాయి.