ప్రస్తుత వినియోగం: ఏటీ నేదు

అనకాపల్లి,
19-2-2005, శనివారం.

అమ్మకు,

నీ కొడుకు క్రాంతికుమార్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నాన్నా ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ ఖరగ్‌పూర్‌లో నువ్వూ, షైనీ అక్కా, బావగారూ, పదిరోజుల పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. పై వాక్యంలో "దేవుని కృపవల్ల" అని చేర్చమని నాన్న పక్కనే కూర్చుని చెబుతున్నాడు. ఆయన తరఫున చేర్చాను, నా తరఫున కాదు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు. తుమ్మపాల ఫ్యాక్టరీలో చెరకు ఆడటం ఇంకా అవలేదు. నాన్నకి ఈ వారం పొద్దుటి షిఫ్టు. దగ్గు తగ్గింది. వంట ఎవరు చేస్తున్నారని అడిగావు, నేనే. ఆడవాళ్ళ శ్రమ మీద అన్ని కరపత్రాలు చదివినవాణ్ణి, నేను కాక ఎవరు చేస్తారు? కాకపోతే రోజు విడిచి రోజు అన్నం మాడుతోంది. నాన్న ఏమీ అనకుండా తిని లేస్తున్నాడు. ఒక మాట అంటే నాకూ తేలిగ్గా ఉండేది. చర్చికి వెళ్తున్నావా అన్న ప్రశ్నకి జవాబు నీకు తెలుసు.

ఇక అసలు సంగతి. నీ నాలుగు పేజీల ఉత్తరంలో బెన్‌హర్ పేరు ఆరుసార్లు ఉంది. నా పేరు రెండుసార్లు, అందులో ఒకటి కవరు మీద. పాపకి మంచి పేరు బెన్‌హర్‌ని అడిగి రాయమన్నావు. అమ్మా, ఆ పిల్లకి మేనమామని నేనా, వాడా? వాడు నీ అన్న కొడుకు, నీకు ముద్దు. డిప్లొమా చదివి పట్నంలో పటాలు గీసే కంపెనీలో చేరాడు, ఊరికి ముద్దు. నేను డిగ్రీ రెండుసార్లు తప్పాను. కానీ వాడు జీవితంలో ఒక్క పుస్తకమైనా పరీక్ష కోసం కాకుండా చదివాడా? అడిగి చూడు.

రేవుపాలెం గొడవ ఏమైందని కూడా అడిగావు. నువ్వు పుట్టిన ఊరు కాబట్టి అన్నీ వరసగా చెబుతాను, ఫోన్లో మూడు నిమిషాల్లో అయ్యేది కాదు. పట్నం ప్లానింగు ఆఫీసువాళ్ళు రాబోయే ఇరవయ్యేళ్ళకి సముద్రపు ఒడ్డు పొడుగునా ఏ నేల దేనికో రంగులు వేసి పటం గోడకి పెట్టారు. ఇళ్ళకి పసుపు, కార్ఖానాలకి ఊదా. మన రేవుపాలెం ఇసుకంతా పచ్చ. పచ్చంటే ఉద్యానవనం, నడిచే దారి, దాని వెనక హోటళ్ళు. పడవలు ఒడ్డుకి ఎక్కించుకోవడానికీ, వలలు పరుచుకోవడానికీ, చేపలు ఎండబెట్టుకోవడానికీ ఏ రంగూ లేదు. పట్టికలో మన ఒడ్డుకి ఎదురుగా "ప్రస్తుత వినియోగం: ఏమీ లేదు" అని రాసుంది. నూట నలభై గడపలు బతికే చోటు, ఏమీ లేదట! అభ్యంతరాలుంటే ఫిబ్రవరి రెండులోగా ఇచ్చుకోమన్నారు.

నాకు నెత్తురు మరిగింది. పరవాడ కంపెనీ బస్సు డ్రైవరుని బతిమాలి ఎక్కి, అక్కడ దిగి మిగతా దూరం నడిచి రేవుపాలెం వెళ్ళాను. ఒడ్డున ఉన్న పడవ ఎక్కి నిలబడి, పర్యాటకం ముసుగులో పెట్టుబడి ఎలా వస్తుందో గంటసేపు చెప్పాను. జనం బాగానే పోగయ్యారు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నీ చిన్ననాటి పొరుగింటి మరిడమ్మ మామ్మ అంది:

"ఒరే ఆరోగ్యమేరి కొడకా, అయిపోయిందేటి? అయితే ఆ పడవ దిగు. పొద్దున్నే రంగేసేం. నీ సెప్పులు సూసుకో."

అందరూ నవ్వారు. నా చెప్పులకి ఇప్పటికీ నీలం రంగు పోలేదు.

ఆ తర్వాతి ఆదివారం నేను మళ్ళీ వెళ్తే, సెలవు కాబట్టి బెన్‌హర్ కూడా ఒడ్డుకి వచ్చాడు. పడవ ఎక్కలేదు. మరిడమ్మ మామ్మ గంపల పక్కన ఇసుకలో చతికిలబడ్డాడు.

"మామ్మా, సర్వేవోళ్ళు వచ్చినప్పుడు ఎవలతోటి మాటాడేరు?"

"నాతోటే. గంపలు సర్దుకుంటన్నాను. కాయితం ఒట్టుకుని ఒకడొచ్చి, 'ఇక్కడేటుంది మామ్మా' అనడిగేడు."

"నువ్వేటన్నావు?"

"ఏటంతాను? 'ఏటీ నేదు నాయినా' అన్నాను."

బెన్‌హర్ నెత్తి కొట్టుకుని నవ్వాడు. నీకు వేరే చెప్పాలా అమ్మా? ఆ ఒడ్డున గంపలో ఏముందన్నా, వలలో ఏం పడిందన్నా, బయటివాడికి చెప్పే జవాబు అదొక్కటే. ఉందంటే దిష్టి, రేపు చేప రాదు. అనకాపల్లి వచ్చి ముప్పయ్యేళ్ళయినా, పొయ్యి మీద చేపల పులుసు కుతకుతలాడుతుంటే పక్కింటి బుల్లమ్మగారు ఏం వండావని అడిగితే నువ్వూ "ఏటీ నేదు" అనే అంటావు. ఆ సర్వే కుర్రాడు ఎక్కడివాడో, మామ్మ మాటని నిజమనుకుని పట్టికలో ఎక్కించాడు. ప్రపంచ పెట్టుబడిలో నేను వెతికిన కారణం బెన్‌హర్‌కి చేపల గంపలో దొరికింది.

నీ పులుసు తిని పెరిగినవాణ్ణి నేను. అది నాకు తట్టాలి. వాడికి తట్టింది.

అక్కణ్ణించి వాడే నాయకుడు. రెండు ఆదివారాలు తాడు పట్టుకుని ఒడ్డంతా కొలిచాడు. అమావాస్య పోటుకి నీళ్ళెక్కడిదాకా వస్తాయో వాడి నాన్న, ఏసురాజు మామ నడిచి చూపిస్తే, అక్కడల్లా పుల్లలు పాతాడు. పడవలు ఎక్కించే చోటు, తాళ్ళు పేనే చోటు, నెత్తళ్ళ చేపలు ఎండబెట్టే చోటు, ఏ ఇంటిది ఎక్కడో పేర్లతో సహా పటం గీశాడు. అడుగున మరిడమ్మ మామ్మ చెప్పింది చెప్పినట్టు రాశాడు: "ఏటీ నేదన్నది దిష్టికి. ఉన్నది ఇది." దాని కింద ఊరంతా వేలిముద్రలు వేసింది. నా ఉపన్యాసానికి చప్పట్లు కూడా పడలేదు.

ప్లానింగు ఆఫీసుకి పటాలు గీసిపెట్టేది వాడి కంపెనీయే కాబట్టి వాడి పేరు బయటికి రాకూడదు. ఊరి తరఫున ఎనిమిది పేజీల అర్జీ రాసింది నేను కాబట్టి, పటం చుట్ట చుట్టి నా చేతికిచ్చాడు. "బావా, నువ్వు రాసిన కాయితం, ఇదీ కలిపి ఇచ్చీ. నాకు మాట రాదు. నీకొచ్చు," అన్నాడు. వాడి నోటి వెంట మెచ్చుకోలు వింటే నాకు ఇంకా మండింది.

ఫిబ్రవరి రెండున నేనే పట్నం వెళ్ళి ఇచ్చి, రసీదు తెచ్చాను.

మొన్న బుధవారం విచారణ జరిగింది. ఊరినుంచి రెండు ఆటోల నిండా వచ్చారు. బెన్‌హర్ కంపెనీ చొక్కా వేసుకుని గోడకి పటాలు తగిలిస్తున్నాడు, మమ్మల్ని ఎరగనట్టు. ఆఫీసరు చెడ్డవాడేం కాదు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఫైలు తెరిచి నా ఎనిమిది పేజీల్లో మొదటి వాక్యం పైకి చదివాడు: "సముద్ర తీరం ఏ ఒక్కరి సొత్తూ కాదు, అది ప్రజలందరిదీ."

"ఇది మీరు రాసిందేనా?"

"నేనే," అన్నాను, గొంతు పెంచి.

"చాలా బాగా రాశారు. మేం చెప్పేదీ అదే. ప్రజలందరూ వచ్చి కూర్చునేలా ఉద్యానవనం వేస్తున్నాం. అంటే మీకు అభ్యంతరం లేనట్టే కదా?"

బెన్‌హర్ మెచ్చుకున్న ఆ మాట నాకు రాలేదు అమ్మా. ఏసురాజు మామ లేచాడు.

"బాబూ, మా పటం ఉంది, సూడండి. ఏలిముద్రలేసి ఇచ్చేం."

ఆఫీసరు ఫైలు రెండుసార్లు తిరగేశాడు. "పటం ఏదీ లేదే. ఇంకేవైనా కాగితాలుంటే శనివారం మధ్యాహ్నం లోపు ఇవ్వండి. ఇరవై అయిదున ఆఖరి విచారణ," అన్నాడు.

బయటికొచ్చాక అందరూ నా వైపు చూశారు. నేను రసీదు చూపించాను. రసీదులో "అర్జీ" అనే ఉంటుంది, ఎన్ని కాగితాలో ఉండదు. దాంతో అందరి చూపూ అప్పుడే మెట్ల మీదికి వచ్చిన బెన్‌హర్ మీదకి తిరిగింది. లోపల ఉండేది వాడే కదా. ఏసురాజు మామ కన్నకొడుకుని, అంతమందిలో, మెట్ల మీద నిలబెట్టి అడిగాడు:

"ఉజ్జోగం కోసం దాసేసేవేట్రా? సెప్పు. ఊరినమ్మేసేవా?"

"నేదు నాన్నా," అన్నాడు వాడు. అంతే. మరిడమ్మ మామ్మ వాడికి ఎదురుపడకుండా చీరచెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఆటో ఎక్కింది.

అమ్మా, ఆ పటం నా దగ్గరే ఉంది.

ఫిబ్రవరి రెండున పట్నం వెళ్తూ బస్సులో విప్పి చూశాను. ఎంత బాగుందో చెప్పలేను. నీ పుట్టిల్లు ఉంది అందులో, తాతయ్య పడవ ఎక్కించిన చోటు ఉంది, ఆయన పేరుతో. ఇది ముందు చూసినవాడు నా ఎనిమిది పేజీలు ఎందుకు చదువుతాడు అనుకున్నాను. ఊరు నిలబడితే బెన్‌హర్ వల్ల నిలబడిందంటారు అనుకున్నాను. కౌంటరు దగ్గర నా అర్జీ మాత్రం ఇచ్చి, చుట్టని చంకలో పెట్టుకుని తిరిగొచ్చాను. నా కాగితమే చాలుతుందని నిజంగా నమ్మాను. నమ్మకపోతే అలా చేసేవాణ్ణి కాదు. ఇది సాకులా ఉంటుందని తెలుసు.

గురువారం వాడు మనింటికి వచ్చాడు. నన్ను నిలదీస్తాడని తలుపు దగ్గరే మాటలు సిద్ధం చేసుకున్నాను. కూర్చుని మంచినీళ్ళు తాగాడు. "ఆఫీసులో ఎక్కడో పడిపోయుంటాది బావా. మళ్ళీ గీద్దునుగానీ, రెండాదివారాల పని, శనివారానికి అవ్వదు. నాన్న అన్నం దగ్గర నాతో మాటాడ్డం నేదు," అన్నాడు. నన్ను అనుమానించాలన్న ఆలోచనే వాడికి రాలేదు. అంత నమ్మకం వాడికెలా వచ్చిందని దాని మీదా కడుపు మండింది. నన్ను నేనే అంతగా నమ్మను. అప్పుడైనా చెప్పాల్సింది. చుట్ట పక్క గదిలోనే ఉంది. చెప్పలేదు.

ఈ ఉదయం పటం తీసుకుని పట్నం వెళ్ళాను. కౌంటరులో కన్నబాబుగారని ముసలి గుమస్తా ఉన్నాడు. చుట్ట విప్పి, పటం మీద ఫిబ్రవరి రెండుకి ముందరి తేదీ చూసి, "ఇన్నాళ్ళూ ఎందుకు ఇవ్వలేదు? ఆలస్యానికి కారణం రాసివ్వాలి, లేకపోతే తీసుకోను," అన్నాడు. ఒంట్లో బాగోలేదని రాయమని ఆయనే ఉపాయం చెప్పాడు, అందరూ అదే రాస్తారట. కలం పట్టుకున్నాను. జ్వరమని రాస్తే పటం ఫైల్లోకి వెళ్తుంది, కానీ దాచింది బెన్‌హర్ కాదని మెట్ల మీద నిలబడ్డవాళ్ళకి ఎవరు చెబుతారు?

"ఈ పటం గీసినవాడి మీద అసూయతో నేనే దాచాను. మరెవరికీ దీంతో సంబంధం లేదు" అని రాసి సంతకం పెట్టాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, "ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాయనా, ఈ కారణం ఇప్పుడే చూస్తున్నాను," అని ముద్ర కొట్టాడు.

ఇరవై అయిదున ఫైల్లో కాగితాలన్నీ చదివి వినిపిస్తారు. ఊరంతా ఉంటుంది. మామ ఉంటాడు. ఈలోగా ఇది నీకు ఇంకొకరి నోటి వెంట తెలియకూడదని ఇప్పుడే రాస్తున్నాను. సాయంత్రం స్టేషన్‌లో ఆర్.ఎం.ఎస్. డబ్బాలో వేస్తాను, బుధవారానికైనా అందుతుంది. పచ్చరంగు మారుతుందో లేదో నాకు తెలియదు. పటం మాత్రం చేరింది. మామ నన్ను కొట్టినా పడతాను. మరిడమ్మ మామ్మ నా ముందు కూడా చెంగు అడ్డం పెట్టుకుంటుంది, పెట్టుకోనీ.

బెన్‌హరే భయం. నేను రాసిచ్చిన కారణం చదువుతున్నప్పుడు వాడు గోడకి పటం తగిలిస్తూ ఉంటాడు. వెనక్కి తిరిగి నా వైపు చూస్తాడు. తిట్టడు అమ్మా. బయటికొచ్చాక భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే బావా, ఇచ్చేవు కదా," అంటాడు. అప్పుడు ఊరంతా, ఎంత మంచి గుంటడో చూడండని, మళ్ళీ వాణ్ణే మెచ్చుకుంటుంది. నేను అక్కడ నిలబడి వినాలి. వింటాను.

ఇట్లు,
నువ్వు కన్న కొడుకు,
క్రాంతి.