కాగితాలు లేని కిడ్నీ

చెల్లెమ్మా,

నీ మేనకోడలు బతికిందే! నా కిడ్నీ దానికి పెట్టారు. పక్క మంచం మీంచే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే తిట్టుకోకు.

ఈ దేశంలో ఉండటానికి మాకు కాగితాలు లేవని ఆసుపత్రివాళ్లు ఇన్నాళ్లూ ఆపరేషన్ కుదరదన్నారు కదా. చివరికి డాక్టరమ్మే పెద్దలను నిలదీసింది: "వీళ్లు చనిపోతే కిడ్నీలు వేరేవాళ్ల కోసం మనం తీసుకుంటాం. అప్పుడు అడగని కాగితాలు ఇప్పుడెందుకండీ?" అక్కడికక్కడే ఆపరేషన్‌కు సంతకాలు పెట్టేశారట!

పొద్దున నర్సమ్మ మూత్రం సంచీ ఎత్తి చూపించింది. ఏడాదిగా చుక్క రాని పిల్లకు సంచీ నిండింది! నేను చప్పట్లు కొడితే వార్డంతా కొట్టింది. అది సిగ్గుతో దుప్పటి ముసుగేసుకుని, "నాన్నా, ఊరంతా చాటకు!" అంది.

ఇన్నేళ్లూ ఎవరి కంటా పడకుండా బతికాం. ఇది మాత్రం చాటుతాను. నువ్వూ మీ వీధంతా చాటు.

మీ అన్నయ్య