ఎర్ర వైరు

అరుణ వదినకు,

చెన్నకేశవులు రాస్తున్నాను. ఫోన్లో చెప్పగలిగే మాట కాదు. అందుకే కాగితం తీసుకున్నాను.

ఆరోజు జరిగింది జరిగినట్టు ముందు రాస్తాను. అది ట్యాంకరు వచ్చే రోజు. రాధ పొద్దున్నే లేచి నీళ్ళు పట్టింది. జొన్నరొట్టెలు చేసింది. దోర్నాల సబ్‌స్టేషన్‌లో నాది మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాను. గొర్రెల మస్తానయ్య వచ్చాడు. వాళ్ళ మనవరాలి కాలేజీ దరఖాస్తుకు ఆరోజే ఆఖరని అప్పుడే తెలిసిందట. ముందురోజు కాగితాలు ఇచ్చి, తొందరేం లేదని చెప్పి వెళ్ళిన మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఊళ్ళో ఇలాంటి పనులన్నీ రాధే మా ఇంట్లో కంప్యూటర్ మీద చేసిపెట్టేది.

రాధ స్విచ్చి వేసింది. లోపల ఫ్యాను తిరిగింది. కంపెనీ పేరు వచ్చింది. తర్వాత నల్లటి తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి నిలబడిపోయింది. ఆపి మళ్ళీ వేసింది. మళ్ళీ అదే.

"ఏమండీ, ఇది మళ్ళా లేవడం లేదు" అన్నది.

"సాయంత్రం చూస్తాలే" అన్నాను. పేపరు దించలేదు.

మస్తానయ్య ఊరుకోలేదు. "ఏంది సారూ, ఊళ్ళో మిక్సీలన్నీ నీ చేతిలోనే బతుకుతుండాయి. మీ ఇంటి మిషను ఏం పాపం చేసినాది? ఒకసారి చూడరాదూ?"

"ఆయనకు డ్యూటీ ఉండాది పెద్దాయనా" అని రాధే అడ్డుపడింది. "నేను మార్కాపురం పొయ్యి నెట్ సెంటర్లో చేసుకొస్తాలే. నువ్వు కంగారుపడాకు."

నాకు ఇబ్బంది కలగకూడదని అలా అన్నదనుకున్నాను. చిలకపచ్చ చీర కట్టుకుని బస్సుకు వెళ్ళిపోయింది. పోతూ పోతూ, "రొట్టెలు మూత కింద ఉండాయి, గట్టిపడకముందే తినండి" అన్నది. నేను తల ఊపాను. ఆమెకు నేనిచ్చిన ఆఖరు జవాబు అదే. నోటి మాట కూడా కాదు.

నేను డ్యూటీ ఎక్కిన కాసేపటికి ఫోన్ వచ్చింది. మార్కాపురంలో ఆమె ఎక్కిన ఆటో బోల్తాపడిందన్నారు. నేను ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. నాకంటే ముందే మీరు చెల్లెలి పక్కన ఉన్నారు. మీకెలా తెలిసిందని నేను అడగలేదు. అత్తమ్మ రాగానే మీరు గోడవైపు తప్పుకున్నారు. ఎబినేజర్ గారిని పెళ్ళి చేసుకున్నారని పాతికేళ్ళుగా కన్నకూతురైన మీ ముఖం చూడని మనిషి ఆరోజు కూడా చూడలేదు.

మార్కాపురం ఎందుకొచ్చిందని అందరూ అడిగారు. కంప్యూటర్ చెడిపోయి వచ్చిందన్నాను. "నువ్వు చూసుండొచ్చు గదా" అని ఎవరో అన్నారు. "మదర్‌బోర్డు కాలిపోయింది, ఇంట్లో అయ్యే పని కాదు" అన్నాను. అప్పటికి నేను దాని రేకు కూడా విప్పలేదు. ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో తెలియదు.

"మిషనే కాలిపోతే నువ్వేం చేస్తావు నాయనా" అని అత్తమ్మ నా చెయ్యి పట్టుకున్నది. కూతురు పోయిన మనిషి నన్ను ఓదార్చింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ తర్వాత చుట్టాలూ, ఊరివాళ్ళూ అందరూ అదే మాట అన్నారు.

పెద్దకర్మ అయ్యాక ఒక ఆదివారం దాని ముందు కూర్చున్నాను. నిజంగానే కాలిపోయి ఉండాలని కోరుకున్నాను. వేరే ప్లగ్గులో పెట్టి చూశాను. రేకు విప్పి దుమ్ము ఊదాను. మెమరీ ముక్క తీసి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్ళీ పెట్టాను. అదే నల్లతెర. ఆ తర్వాత కనిపించింది. హార్డ్ డిస్కుకు పోవలసిన ఎర్ర వైరు ఒకటి ఊడి వేలాడుతోంది. పెట్టాను. టక్కుమని కూర్చుంది. స్విచ్చి వేస్తే కంప్యూటర్ లేచింది. తెర మీద ఫైళ్ళ మధ్య మస్తానయ్య మనవరాలి ఫోటో ఉంది. దరఖాస్తు కోసం రాధ ముందురోజు సాయంత్రం సరిచేసి పెట్టుకున్నది.

పది నిమిషాల పని వదినా. ఆపేసి దుప్పటి కప్పాను. ఇప్పటికీ ఎవరడిగినా మదర్‌బోర్డు అనే చెబుతున్నాను. పాత బోర్డు తెచ్చి బిగిస్తానని ఆఫీసులో ఒకరు అంటే, వద్దు, దాన్ని చూడలేను అన్నాను. అది కూడా నా దుఃఖం కిందే జమ అయింది.

సంవత్సరీకం దగ్గరపడుతోంది. అందరూ వస్తారు. నేనేం చేయగలనని మళ్ళీ ఓదారుస్తారు. మీరొక్కరే నాతో ఆ మాట అనలేదు. అందుకే మీకు చెబుతున్నాను. పేపరు పక్కన పెట్టి నేను లేచి ఉంటే మీ చెల్లెలు ఇంట్లోనే ఉండేది. మీరు ఎంత తిట్టినా పడతాను. అత్తమ్మకు చెప్పే ధైర్యం మాత్రం లేదు.

ఇట్లు,
చెన్నకేశవులు


మరిది చెన్నకేశవులుకు,

మీ అరుణ వదిన రాయడం. మీ ఉత్తరం అందింది. చదివి మా ఆయన చేతికిచ్చాను. ఆయన చదివి, "ఇంక దాచాకు అరుణా, ఆ మనిషి లేనిపోని దానికి కుమిలిపోతుండాడు" అన్నాడు. అందుకే రాస్తున్నాను.

ఆ వైరు ఊడిపోలేదు. రాధ తీసింది.

మా ఇంటికి రావడానికి దానికున్న దారి అదొక్కటే. మొదటిసారి, ఏండ్ల కిందట, సరిగా బిగుసుకోక నిజంగానే ఊడిందంట. మీరు బాగుచేస్తుంటే పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదంట. "ఇట్ల నొక్కి లాగితే వస్తాదక్కా, మళ్ళా పెడితే లేస్తాది" అని మా వంటింట్లో కూర్చుని వేళ్ళతో చూపించి నవ్వేది. "మా ఆయన ఊరందరి మిక్సీలు బాగుచేస్తాడు గాని ఇంట్లో మిషను జోలికి రాడు. అదే నాకు బస్సు టిక్కెట్టు" అనేది. మీకు దగ్గర్లో దోర్నాలలో నెట్ సెంటర్ లేకనా? అక్కడ ప్రింటు సరిగా రాదని మీతో చెప్పేదంట. తిరిగి ఇంటికి పోయినాక ఆ వైరు తనే పెట్టుకునేది.

నేను తిట్టేదాన్ని. "ఏందే ఈ దొంగ రాకపోకలు? మొగుడికి చెప్పి రారాదా?" అంటే నవ్వు ఆగిపోయేది. "చెబితే వద్దనడక్కా. మాట్లాడడు. అన్నం తనే పెట్టుకుంటాడు, పక్క తనే వేసుకుంటాడు. నాలుగు రోజులు గోడతో కాపురం చేసినట్టుంటాది. దానికంటే ఒక వైరు పీకేది నయం" అన్నది. ఇది మీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మీరు మీ తప్పు దాచకుండా రాసినారు. నేను దాస్తే బాగుండదు.

ఆరోజు దాన్ని రమ్మన్నది నేనే. మా ఇందు కాన్పుకు వచ్చి ఉంది. మీకు పిల్లలు లేరు, ఇందు అంటే రాధకు ప్రాణం. తల్లీబిడ్డా ఆసుపత్రి నుంచి ఇంటికి చేరినాక, ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి మగపిల్లవాడని చెప్పినా. "రేపే వస్తా, ఇప్పుడే పొయ్యి మిషను చెడగొడతా" అన్నది. ఆ ముసలాయన పనికి అదే ఆఖరు రోజని అప్పటికి దానికి తెలియదు. పాపం, నెట్ సెంటర్లో ఆ పని ముగించుకునే మా ఇంటికి వచ్చింది. పిల్లవాణ్ణి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది. వాడు దాని చీరంతా తడిపితే "వీడు అచ్చం ఎబినేజర్ బావే, కొత్తచీర అంటే లెక్కలేదు" అని ఎగతాళి చేసింది. నాతో కలిసి అన్నం తిన్నది. ఇంకాసేపు ఉంటానన్నది. బస్సు తప్పిపోతాదని నేనే తొందరపెట్టి, నేనే ఆటోను పిలిచినా. ఆటో మలుపు తిరిగిన కాసేపటికే కేకలు వినపడినాయి. అందుకే మీకంటే ముందు ఆసుపత్రిలో ఉన్నాను.

మీరు పేపరు దించలేదని ఏడుస్తున్నారు. నేను ఫోన్ ఎందుకు చేసినానా అని ఏడుస్తున్నాను. ఇంక నా వల్ల కాదు. ఈ ఆదివారం చంద్రశేఖరపురం పోతున్నాను. అమ్మ గడప ఎక్కనియ్యదు. వాకిట్లోనే నిలబడి, నీ కూతురు నా ఇంటికొచ్చి తిరిగిపోతా చనిపోయిందని చెబుతాను. "మీ అమ్మ ఇంక చచ్చేదాకా నిన్ను దగ్గరికి రానియ్యదు" అని మా ఆయన వద్దంటున్నాడు. ఆమెకు మిగిలిన కూతుర్ని నేనొక్కదాన్నే. ఆమె దగ్గరికి చేరేదానికి ఉన్న ఒక్క దారి మూసుకుపోతాదని నాకూ తెలుసు. అయినా అబద్ధంతో ఆ ఇంట్లోకి పోలేను.

మీ మదర్‌బోర్డు సంగతి మీ ఇష్టం.

దీవెనలతో,
అరుణకుమారి


వదినమ్మా,

మీ ఉత్తరం చదివి కంప్యూటర్ మీద దుప్పటి తీశాను. రేకు విప్పి ఆ వైరును లాగి చూశాను. రాలేదు. పక్కనున్న చిన్న పట్టీ నొక్కితే వచ్చింది. కరెంటు లైను ఆగిపోతే, దానంతటదే ఆగిందా, ఎవరైనా ఆపారా అని సబ్‌స్టేషన్‌లో మొదట అడిగేది నేనే. మా ఇంట్లో ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

మాట్లాడడు అన్నదని రాశారు. నిజం. ఇందు పుట్టినప్పుడు రాధ మీ ఇంటికి వచ్చింది. తిరిగొచ్చాక నేనేమీ అనలేదు. కోప్పడలేదు. ఎందుకు వెళ్ళావని అడగలేదు. ఆమె ఎదురొస్తే పక్కకు తప్పుకుని నా పని నేను చేసుకున్నాను. చివరికి ఆమే పొయ్యి దగ్గర కూర్చుని, "ఇంక పోనులే, మాట్లాడండి" అని ఏడ్చింది. అప్పుడు మాట్లాడాను, ఏమీ జరగనట్టు. ఇంట్లో గొంతెత్తని మనిషినని నాకు పేరు. ఆ పేరు చూసి నేనూ మురిసిపోయాను. కులం మతం నాకు పట్టింపు లేదని, అత్తమ్మ మనసు నొప్పించలేకే మీ ఇంటికి రావడం లేదని చెప్పుకునేవాణ్ణి. అత్తమ్మ తలుపు మూసింది, లోకమంతా చూసింది. నేను మూసిన తలుపు రాధ ఒక్కదానికే కనిపించింది.

ఏడాదిగా ఒక తప్పును ఎంచుకుని మోస్తున్నాను. పేపరు దించకపోవడం. అది చిన్న తప్పు. ఎవరికి చెప్పుకున్నా క్షమిస్తారు. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి వేరే ఆలోచన వస్తోంది. ఆరోజు నేను నిజంగానే లేచి రేకు విప్పి ఉంటే, నా పక్కన రాధ ఎంత బెదిరిపోయి నిలబడి ఉండేది? వైరు పెట్టి, ఏమీ అనకుండా ఆమె వైపు ఒకసారి చూసి ఉండేవాణ్ణి. ఆ పూట నుంచి మళ్ళీ మౌనం. నా చేత బాగుచేయించుకోవడం కంటే నేను పట్టించుకోకపోవడమే ఆమెకు మేలయింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను ఆమెకు మిగిల్చిన వెసులుబాటు అది.

పిల్లవాడికి నీళ్ళు పోసిందని, మీతో కలిసి అన్నం తిన్నదని రాశారు. నేను తల ఊపి పంపించిన మనిషి ఆఖరి పూట ఎలా గడిపిందో ఇన్నాళ్ళూ నాకు తెలియదు. ఎగతాళి చేసిందని, ఇంకాసేపు ఉంటానన్నదని ఇప్పుడు తెలిసింది. ఆ పూట ఆమెకు మీరిచ్చారు. మీరు ఫోన్ చేయడం తప్పు కాదు. బిడ్డ పుట్టాడని అక్క చెల్లెల్ని పిలిస్తే, ఆ చెల్లెలు భర్తతో చెప్పి బయల్దేరగలగాలి. తప్పు అక్కడుంది. అది మీ ఇంట్లో జరగలేదు.

ఆదివారం మీరు వాకిట్లో నిలబడి చెబితే, "నా ఇంటికొచ్చి తిరిగిపోతా చనిపోయింది" అన్న మీ మాట దగ్గరే అత్తమ్మ ఆగిపోతుంది. దాచి ఎందుకు రావలసి వచ్చిందని ఆమె అడగదు. అడిగినా మీరు నా పేరు చెప్పరు. పాతికేళ్ళు అందరి మాటా పడినవారు, ఇదీ పడి తిరిగొస్తారు. అందుకని మీకంటే ముందు నేను వెళ్తున్నాను. చంద్రశేఖరపురం పోయే దారి మార్కాపురం మీదుగానే. అక్కడ బస్సు మారేటప్పుడు ఈ ఉత్తరం ఎబినేజర్ గారి పలకల ఫ్యాక్టరీలో ఇచ్చి వెళ్తాను. మీ ఇంటికి మాత్రం రాను. ఆ పని చేయకుండా మీ గడప తొక్కే ముఖం నాకు లేదు.

అత్తమ్మ వింటుందో లేదో తెలియదు. నన్ను కూడా వాకిట్లోనే ఆపేస్తుందేమో. ఆపేస్తే అక్కడి నుంచే చెబుతాను. ఈసారి మాట్లాడకుండా తిరిగిరాను.

డ్యూటీకి సెలవు పెట్టాను. రేపు పొద్దున మొదటి బస్సుకు బయల్దేరతాను. అత్తమ్మకు ఎదురుగా నిలబడి మదర్‌బోర్డు కాలిపోలేదని చెబుతాను. రాధ ఎవరింటికి వెళ్తుండేదో చెబుతాను. దానికంటే ముందు, ఎవరికి భయపడి దాచుకున్నదో చెబుతాను.

మీ మరిది,
చెన్నకేశవులు