గడియారం వెనక గోడ

అన్నయ్యకి,

చూడలేదని తప్పించుకోకుండా ఈ ఉత్తరం నీ భూతద్దం కిందే పెట్టి వెళ్తున్నాను.

నిన్న డాక్టరు నా ఎక్స్‌రే చూసి, "రోజుకి ఎన్ని సిగరెట్లు కాలుస్తారమ్మా?" అని అడిగాడు. ఆ మాట చెబితే నువ్వు పగలబడి నవ్వావు. "కాల్చేది నేనైతే రోగం నీకా? చోద్యం కాకపోతే!" అన్నావు.

మన వాచీ రిపేరు కొట్లో మరలు ఎగిరిపోతాయని ఫ్యాను వేయనివ్వవు, కిటికీ తెరవనివ్వవు. ఆవగింజంత మర మీద ఉన్న శ్రద్ధ తోడబుట్టినదాని మీద లేకపోయె! మరి నువ్వు వదిలిన పొగ ఎక్కడికి పోతుందనుకున్నావు? పన్నెండేళ్లుగా నీ పక్క బల్ల దగ్గర కూర్చుని నేనే పీలుస్తున్నాను.

ఇందాక నువ్వు భోజనానికి వెళ్లగానే గోడ గడియారం దించాను. దాని వెనక గుండ్రంగా, తెల్లగా ఉంది. మిగతా గోడంతా టీ రంగుకి తిరిగింది. ఆ గోడ ఏనాడూ సిగరెట్టు ముట్టలేదు. నేనూ ముట్టలేదు.

గోడకైతే మళ్లీ సున్నం వేయిస్తావు. నాకేం వేయిస్తావు అన్నయ్యా?

నీ చెల్లెలు