పదకొండో నంబరు గీత

జులై 18, శుక్రవారం

వదినగారికి,

నమస్కారాలు. అన్నయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ఒకపూట వండుకుంటున్నాను, రెండో పూటా అదే.

యూనివర్సిటీ మీద మీరు రాసి పంపిన ఫిర్యాదు అందింది. సంతకం పెట్టేముందు వాళ్ళ మాట కూడా విందామని నిన్న యూనివర్సిటీలో వేసవి పరిశోధన ప్రసంగాలకు వెళ్ళాను. మీ చెల్లెలి చేతికి అంటించిన పట్టీ గురించి కూడా ఉందని నోటీసులో చూశాను.

వెళ్ళినందుకు విసుగే మిగిలింది. మనిషికి పది నిమిషాలు, ఆపైన గంట కొడతారు. మైకు ఒకటే కీచు. పట్టీ తయారుచేసిన విద్యార్థిని మాట్లాడింది. గోరంత ముక్కలో వెంట్రుకకన్నా సన్నని సూదులు వంద. చర్మం కింది తడిని బట్టి ఒంట్లో మందు ఎంత నిలిచిందో చెబుతాయట. నరం దాకా వెళ్ళవు కనుక నొప్పి ఉండదట. మొదటిరోజు మా ఇంటికొచ్చి ఇదే చెబితే, మీ కాగితంలో అలా రాసుంది సరే, నా చేతికి చదువు రాదు కదమ్మా అంది మీ చెల్లెలు. అయితే చేతికి నేను చదివి వినిపిస్తానాంటీ అంది ఆ పిల్ల. ఇద్దరూ ఒకటే నవ్వు.

తెర మీద గీతలు వేశారు, పట్టీ వేసుకున్న మనిషికొకటి. పేర్లు చెప్పకూడదని నియమం. మీ చెల్లెలు పదకొండో నంబరు. మిగతా గీతలు మధ్యలో తెగిపోయాయి. పదకొండోది చివరిదాకా సాగింది. ఒక్కరోజు కూడా తప్పలేదని ఆ పిల్ల మెచ్చుకుంది. అందరూ చప్పట్లు. నాకు ఒళ్ళు మండింది.

తర్వాత మనుషుల మీద చేసే ప్రయోగాల్లో నీతి గురించి ఒక పెద్దావిడ చెప్పారు. వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చట, కారణం చెప్పక్కర్లేదట, ఒక ముక్క రాసిస్తే చాలట. ఆ రాసిచ్చినది మీకు చేరకపోతేనో అని అడగబోయాను. గంట కొట్టేశారు. ప్రశ్న చీటీ మీద రాసివ్వమన్నారు. రాసిచ్చాను. తీసుకున్నాయన దాన్ని టీ కప్పు కింద వేసుకున్నాడు.

వరండాలో ఆ పిల్ల నన్ను గుర్తుపట్టింది. నా గీతల్లో హీరోయిన్ ఆంటీయే, ఆవిణ్ణి తీసుకురాలేదేం అంకుల్ అంది. ప్రయోగం ముగిశాక నెలకే పోయిందనీ, జబ్బు వల్లేననీ చెప్పాను. మెట్ల మీద కూలబడింది. పట్టీతో ఏమైనా బాధపడ్డారా, నాతో ఒక్క మాటంటే అప్పుడే తీసేసేదాన్ని కదా అంది. బస్సుకి వేళయిందని వచ్చేశాను.

మీ చెల్లెలిని ప్రయోగంలో బలవంతంగా ఉంచారని ఫిర్యాదులో రాశారు. ఆ మాట నిజం.

ఇంక రాయలేను.

మీ మరిది

తా.క.: ఫిర్యాదును సంతకం లేకుండా తిప్పి పంపుతున్నాను. దానితో ఉన్న చీటీ మీ చెల్లెలి చేతిరాత. చెయ్యి మంటగా ఉంది, రేపటి నుంచి మానేస్తానని రాసి, ఆ పిల్లకి ఇవ్వమని నా చేతికిచ్చింది. అప్పటికి ప్రయోగం ఇంకా తొమ్మిది రోజులుంది. మందు బాగానే నిలుస్తోందని రోజూ వాళ్ళు చెప్పే మాట మీదే అప్పట్లో నేను బతుకుతుండేవాణ్ణి. చీటీ నా కళ్ళజోడు పెట్టెలో ఉండిపోయింది. ఇచ్చారా అని అడిగితే, ఇచ్చాను, ఇంకొన్నాళ్ళు ఉంచుకోమన్నారని చెప్పాను. సరేలెండి అంది. యూనివర్సిటీ పేరు కొట్టేసి, అక్కడ నా పేరు రాసి పంపండి. సంతకం పెడతాను.