కళ్ళు రెండూ వదిలేసి

2025వ సంవత్సరం జూన్ నెల ఇరవై ఒకటో తేదీ శనివారం నాడు, ఎన్టీఆర్ జిల్లా తిరువూరు కాపురస్థురాలిని, పురుగుమందుల కొట్టు మొవ్వా గిరిబాబు గారి కుమార్తెను, వయసు ఇరవై రెండు, బీఎస్సీ పూర్తయిన అనూహ్య అనే నేను రాసుకున్న వీలునామా.

నా బుద్ధి సరిగానే ఉంది. మోకాలు సరిగా లేదు గానీ చట్టం అడిగేది బుద్ధి గురించే కాబట్టి ఇబ్బంది లేదు. ఇది రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. రాయొద్దని బలవంతపెట్టినవాళ్ళు మాత్రం ఉన్నారు.

చదివి ఎవరూ కంగారు పడొద్దు. నాకు చావాలని లేదు. ఎల్లుండి సోమవారం విజయవాడలో నా కుడి మోకాలికి ఆపరేషన్. డాక్టరు గారు “ఏం కాదమ్మా” అంటూనే, ఏమైనా అయితే తమ పూచీ లేదని సంతకం పెట్టించుకున్నారు. ఆ రెండిటిలో దేన్ని నమ్మాలో తెలియక నా జాగ్రత్తలో నేనుంటున్నాను.

అసలు కారణం వేరే. మా కాలేజీ సాఫ్ట్‌బాల్ కోచ్ శశాంక్ సార్ మీద నేనిచ్చిన ఫిర్యాదు జూలై నాలుగున విచారణ కమిటీ ముందుకు వస్తుంది. ఇచ్చిన మనిషి రాకపోతే ఫైలు మూసేస్తామని కమిటీవాళ్ళు ముందే చెప్పారు. అంటే నేను పోతే అది కూడా నాతోపాటే పోతుంది. నాకున్న వాటిలో పోకూడనిది అదొక్కటే. మిగతావి దానికి తోడుగా ఈ కాగితంలోకి వచ్చాయి.

రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట వసారాలో దస్తావేజులు రాసే శాంతయ్య గారికి నేను రాసుకొచ్చిన చిత్తుప్రతి ఇస్తే, “ఫిర్యాదు ఆస్తి కిందకి రాదమ్మాయ్, పొలముంటే చెప్పు, హద్దులు రాస్తా” అన్నారు. నా పేరున పొలం లేదు. ఉన్నదే రాయమన్నాను.

1. నా ఫిర్యాదు.

నేను మూడేళ్ళు జట్టులో క్యాచర్‌ని. బ్యాటు పట్టుకున్న అమ్మాయి వెనక గొంతుక్కూర్చుని, విసిరిన బంతి పట్టడం నా పని. నాన్న ఇప్పటికీ అందరితో “వికెట్ కీపరు” అనే చెప్తారు. దిద్దడం మానేశాను. పోయిన డిసెంబరులో సెమీఫైనల్లో, పరుగు తీస్తున్న అవతలి జట్టమ్మాయి వచ్చి నా మోకాలి మీద పడింది. లోపల ఏదో తెగిన చప్పుడు నాకు వినబడింది. సార్ వచ్చి స్ప్రే కొట్టి, “విరిగితే ఇంత మాట్లాడలేవు, లే” అన్నారు. లేచాను. మర్నాడు ఫైనల్ కూడా ఆడించారు. గెలిచాం. ఫోటోలో ఒంటికాలి మీద కొంగలా ఉన్నానని అందరూ నవ్వారు.

ఆ తర్వాతి వారం ప్రాక్టీసులో బంతి జారవిడిచాను. మా సార్ దగ్గర దానికి శిక్ష గోడకుర్చీ. బడికెళ్ళిన వాళ్ళందరికీ తెలిసిందే: వీపు గోడకి ఆనించి, కింద కుర్చీ ఉన్నట్టే కూర్చోవాలి, కుర్చీ ఉండదు. బడిలో అయితే కాసేపే. మా దగ్గర మిగతా జట్టు గ్రౌండు చుట్టూ రౌండ్లు పూర్తిచేసేదాకా. మధ్యలో లేస్తే పిక్కల మీద బ్యాటుతో ఒకటి. వాళ్ళు నెమ్మదిగా పరిగెడితే నాకు ఎక్కువసేపు. అందుకని వాళ్ళు నా కోసం చచ్చేట్టు పరిగెత్తేవాళ్ళు. ఒక్క శిక్షతో జట్టు మొత్తాన్నీ కొట్టడం ఆయనకి బాగా వచ్చు. “సార్, మోకాలు వాచింది” అన్నాను. “నీ ఒళ్ళంతా వాపేగా, అందులో మోకాలెక్కడుందో చూపించు” అన్నారు. కొందరు నవ్వారు, నవ్వొచ్చి కాదు, నవ్వకపోతే తమ వంతు వస్తుందని. కాసేపటికి కాలు నిలవక కింద పడ్డాను. “యాక్టింగ్ బాగుంది, సినిమాల్లో ట్రై చెయ్” అని విజిల్ ఊదారు.

స్కానింగ్ చూసిన డాక్టరు గారు మొదట అడిగింది, తెగిన కాలితో ఇన్నాళ్ళూ ఏం చేశావని. కూర్చున్నానండీ, అన్నాను.

ఏప్రిల్లో సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. అదే గోడకి ఈసారి స్నిగ్ధ ఆని ఉంది. నా తర్వాత క్యాచర్ అయిన పిల్ల. పక్కన నేల మీద వాంతి చేసుకున్న తడి. సార్ నీడలో కుర్చీ వేసుకుని కొబ్బరిబోండాం తాగుతున్నారు. నేను ఆఫీసులోకి వెళ్ళి తెల్లకాగితం అడిగి, అక్కడే నిలబడి ఫిర్యాదు రాసిచ్చాను.

జరిగింది ఇదీ. దీన్ని ప్రిన్సిపాల్ గారికి, కమిటీలో ఒక్కొక్కరికి, మా పెదనాన్నకి, మధ్యవర్తిత్వానికి వచ్చిన పెద్దమనుషులకి చెప్పి చెప్పి అలిసిపోయాను. చెప్పిన ప్రతిసారీ “అంతేనా?” అంటారు. అంతే. ఇంకా ఏదో జరిగుంటే బాగుండేదన్నట్టు చూస్తారు. జూలై నాలుగున నేను లేకపోతే ఈ అంశాన్నే నా వాంగ్మూలంగా చదవాలి. “అంతేనా” అన్నవాళ్ళ చేత గోడకుర్చీ వేయించి చదవాలని కూడా రాశాను. శాంతయ్య గారు దాన్ని శుద్ధప్రతిలో షరతుగా ఎక్కించనన్నారు.

2. నా క్యాచింగ్ గ్లవ్వు రెడ్డిగూడెం స్నిగ్ధకు, సర్వహక్కులతో. అరచేతి దగ్గర కుట్టు ఊడితే బస్టాండు పక్కన చెప్పులు కుట్టే ఆయన చేత కుట్టించాను, కొత్త కుట్టే గట్టిగా ఉంది. స్నిగ్ధా, తడిసినప్పుడు ఎండలో పడెయ్యకు, తోలు పెళుసవుతుంది.

దీనికి ఒక షరతు, అది స్నిగ్ధకు కాదు, మిగతావాళ్ళకు. ఇది పుచ్చుకున్నందుకు ఆ పిల్ల కమిటీకి వచ్చి చెప్పాలని ఎవరూ అడగకూడదు. ఆమె ఇంకా రెండేళ్ళు ఆ గ్రౌండులోనే తిరగాలి. చెప్పాలనిపిస్తే తనే చెప్తుంది.

3. ఫైనల్లో ఆఖరి బంతి నా దగ్గరే ఉంది. అది విసిరిన శర్వాణికి. శర్వాణిది నెమలి, వాళ్ళ నాన్నగారు గుళ్ళో అర్చకులు. మూడేళ్ళు ఆమె విసిరింది, నేను పట్టాను. ఫిర్యాదులో నా పేరు కింద రెండో సంతకం ఆమెదే. వారం తిరక్కుండా వెనక్కి తీసుకుంది. ఆమె వ్యాయామోపాధ్యాయురాలు కావాలనుకుంటోంది. ఆ కోర్సులో సీటుకు కావలసిన క్రీడా సర్టిఫికెట్ మీద శశాంక్ సార్ సంతకం ఉండాలి. “అనూ, నాకింకో దారి లేదే” అంది ఫోన్లో. “ఉంది, నీకే ఇష్టం లేదు” అన్నాను. ఇద్దరం నిజమే చెప్పాం.

బంతితోపాటు, కాలేజీకెళ్ళే పొద్దుటి బస్సులో డ్రైవరు వెనక మూడో వరుస కిటికీ పక్క సీటు కూడా ఆమెకే. ఆర్టీసీ ఆస్తిని నేను రాసివ్వలేనని తెలుసు. తిరువూరులో ఎక్కినదాన్ని కాబట్టి ఆ సీటు ఎప్పుడూ నేనే పట్టేదాన్ని, ఆమె ఎప్పుడూ అలిగేది. శర్వాణీ, కోపం పోలేదు. కోపంతోనే ఇస్తున్నాను, తీసుకో.

4. మా నాయనమ్మ వెంకాయమ్మకు నా మోకాలి పట్టీ. ఇద్దరికీ నొప్పి కుడి మోకాలే, ఇద్దరం ఒకే నూనె సీసా వాడుతున్నాం. మొదటిసారి బంతి చేతికిస్తే, “మెత్తబంతి ఆటన్నావు, ఇదేంటే, రాయిలా ఉంది!” అంది. ఆటలో మొత్తం మోసాన్ని మా ఇంట్లో మొదట కనిపెట్టింది ఆవిడే. డాక్టర్లు ఆవిణ్ణి కూడా ఆపరేషన్ చేయించుకోమన్నారు. నాదెలా ఉంటుందో చూసి అప్పుడు చేయించుకుంటానంది. కాబట్టి నేను బతకడం ఆవిడకి కూడా అవసరం.

5. పతకాలు అమ్మకు. ఎలాగూ దేవుడి గదిలో తనే పెట్టుకుంది. ఉంచుకోవచ్చు, తీసెయ్యొచ్చు. వచ్చినవాళ్ళకల్లా చూపించడం మాత్రం మానాలి. నా పిక్కల మీద బ్యాటు దెబ్బలు అమ్మ చూసింది. అడగలేదు. ట్రాక్‌సూటు మీద గ్రౌండు ఎర్రమట్టి పోకపోతే నిమ్మచెక్క పెట్టి రుద్దేది. అమ్మకి చేతనైనది మరకలు వదిలించడం. దాని మీద నాకు కోపం లేదు, కొంచెం ఉంది.

6. శశాంక్ సార్‌కు నా ఆస్తిలో ఏమీ లేదు. మా రెడ్డిగూడెం తోట నుంచి ప్రతి మేలో ఆయనకి వెళ్ళే రసాల పెట్టె ఇకమీదట వెళ్ళకూడదు. నా మోకాలు తెగిన తర్వాత కూడా, ఈ మేలో, వెళ్ళింది. “మర్యాద కదా” అన్నారు నాన్న. ఏరి ఏరి మగ్గినవి పైన పేర్చింది కూడా నాన్నే.

ఒక్క మాట రాయకపోతే అన్యాయం. గొంతుక్కూర్చున్న చోటునుంచి లేవకుండానే బంతిని గురిచూసి విసరడం ఆయనే నేర్పారు. చాలా బాగా నేర్పారు. అది తిరిగివ్వను. నేర్పాడు కాబట్టి ఊరుకోమనే వాళ్ళకి నా జవాబు, నేర్పింది చేతికి, తెగింది కాలు.

7. నా స్కూటీ మా నాన్న గిరిబాబు గారికి. ఆర్నెల్లుగా ఆయనే తోలుతున్నారు.

స్కూటీతోపాటు ఆయనకొక పని.

నేను జట్టులో చేరిన రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని గ్రౌండుకి వచ్చారు. అమ్మాయిలూ వాళ్ళ తల్లిదండ్రులూ అందరూ చూస్తుండగా సార్ చెయ్యి పట్టుకుని, “పిల్లని మీ చేతిలో పెడుతున్నానండీ. కళ్ళు రెండూ వదిలేసి తోలు వలిచినా మేమడగం” అన్నారు. మా అంకారావు తాతయ్య నాన్నని బళ్ళో వేసినప్పుడు మాస్టారితో అన్నదీ ఇదేనట. మన దగ్గర ప్రతి తండ్రీ అంటాడు. బయల్దేరిన చుట్టంతో “అన్నం తిని వెళ్ళండి” అన్నట్టు. అలా అనాలి కాబట్టి అంటారు, విన్నవాళ్ళు నిజంగా పీట వేసుకుని కూర్చోరు. శశాంక్ సార్ కూర్చున్నారు.

కమిటీకి ఆయనిచ్చిన జవాబులో మొదటి వాక్యమే అది: సదరు విద్యార్థిని తండ్రి అందరి సమక్షంలో ఫలానా విధంగా అనుమతి ఇచ్చియున్నారు. నాన్న మాటని పొల్లు పోకుండా రాశారు. ఆ నకలు ఇంటికొచ్చినప్పటి నుంచి నాన్న నాతో సరిగా మాట్లాడటం లేదు. మాట్లాడినా ఒకటే. “వెనక్కి తీసుకోవే. మాటిచ్చాం. ఇచ్చినమాట నేనే కాదంటే రేపు కొట్టుకొచ్చే రైతు నా మాటేం నమ్ముతాడు?” పురుగుమందు డబ్బా మీద రాసిందానికన్నా ఈ చుట్టుపక్కల రైతులు నాన్న చెప్పిందే నమ్ముతారు. ఆయన భయం అబద్ధం కాదు. నాకు తెలుసు.

కానీ నాన్నా, మీరిచ్చింది నా ఒళ్ళు. అది మీది కాదు. మీరు వదిలేయమన్న రెండు కళ్ళూ క్షేమంగా ఉన్నాయి, వాటితోనే అంతా చూశాను. నేను లేకపోతే ఈ కాగితాన్ని మీరే కమిటీకి తీసుకెళ్ళాలి. వేరేవాళ్ళకి అప్పగించొచ్చు గానీ, సార్ పట్టుకున్నది మీ మాట. దాన్ని వెనక్కి తీసుకోగలిగింది మీరొక్కరే. చేయనంటే నేనేమీ చేయలేను, పోయినవాళ్ళు పట్టుబట్టలేరు. స్కూటీ మాత్రం ఉంచుకోండి. వెనక బ్రేకు చూపించాలి.

ఇది నా మొదటి వీలునామా. ఆఖరిది కాకూడదని కోరుకుంటున్నాను. మంగళవారం మెలకువ వచ్చి కాళ్ళు కదిలితే, మొదటి అంశం తప్ప మిగతావన్నీ రద్దు. గ్లవ్వు మాత్రం స్నిగ్ధదే.

8. తర్వాత, విడి కాగితం మీద, నా చేత్తో చేర్చినది.

ఏ దస్తావేజునైనా సంతకానికి ముందు మొత్తం పైకి చదివి వినిపించడం శాంతయ్య గారి పద్ధతి. గొంతు పెద్దది. నన్ను స్కూటీ మీద తీసుకొచ్చి వసారాలో బల్ల మీద కూర్చున్న నాన్న మొదటినుంచీ విన్నారు. శాంతయ్య గారి పద్ధతి నాకు ముందే తెలుసు.

చదవడం అయ్యాక నాన్న లేచి వచ్చారు. నా వైపు చూడలేదు. “సాక్షులెవరు?” అన్నారు. టీకొట్టు రాయప్ప ఒకడు, ఇంకొకరు కావాలి అన్నారు శాంతయ్య గారు. “నేను పెడతా.” “మీకు బండి రాసిందిగా అండీ. పుచ్చుకునేవాళ్ళే సాక్షి సంతకం పెడితే రేపు పేచీ.” “అయితే బండి కొట్టెయ్. మోకాలు బాగయ్యాక అదే తోలుకుంటుంది.” కొట్టేశారు. కావున ఏడో అంశంలో స్కూటీ వరకు రద్దు, అది అమ్మకు చెందుతుంది. అమ్మకి తోలడం రాదు, నేర్చుకోవలసినది.

సంతకం పెట్టాక కూడా నాన్న పెన్ను వదల్లేదు. సాక్షి ఇంత రాయకూడదండీ, సంతకం చాలు, అని శాంతయ్య గారు అంటున్నారు. “చోటుందిగా” అంటున్నారు నాన్న. ఏం రాస్తున్నారో నా కుర్చీలోంచి కనిపించడం లేదు. లేవలేను. ఇక్కడితో ఆపుతున్నాను.

తిరువూరు, 21-6-2025
(సం.) మొవ్వా అనూహ్య

దస్తూరి: శాంతయ్య, దస్తావేజు లేఖరి

సాక్షులు:

1. రాయప్ప, టీకొట్టు, రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట

2. మొవ్వా గిరిబాబు, తండ్రి అంకారావు. కళ్ళు రెండూ వదిలేసి అన్నది నేనే. మాటవరసకి అన్నాను. మాటవరసకైనా నాదే కాబట్టి వెనక్కి తీసుకుంటున్నాను. నాలుగో తారీఖున మా అమ్మాయిని కాలేజీకి నేనే తీసుకొస్తాను. ముందు ఆ గోడ చూపించమంటాను.