పోస్టులో పంపని పెట్టె

సాన్ మిగెల్, బులకాన్
12 ఫిబ్రవరి 1984

ప్రియమైన దొరాయ్,

పదకొండేళ్ళకు గుర్తొచ్చానా మహాతల్లీ! కవరు మీద నీ దస్తూరీ చూసి, పొయ్యి మీది పాలు వదిలేసి వాకిట్లోనే నిలబడిపోయాను. అడుగంటిన గేదెపాలకు నువ్వే పూచీ.

మే నెల జాతరకు వస్తానన్నావు. రా. నేనింకా పస్తిల్యాస్ పాలబిళ్ళలే చేస్తున్నాను. అమ్మ చిన్న కత్తెరతోనే వాటికి చుట్టే రంగు కాగితాలు కత్తిరిస్తున్నాను. బస్సు ఆగగానే ప్రయాణికులు దిగి, ఇంట్లోవాళ్ళకని పెట్టెలు పెట్టెలు పట్టుకుపోతారు. కాగితం తోకలో పూలు, గుడిసెలు, అడిగినవాళ్ళ పేర్లు కత్తిరిస్తాను. నీ పేరు కత్తిరించి మాత్రం పదకొండేళ్ళయింది.

ఇంటికొస్తూ తెచ్చే పసలూబోంగ్ కానుక మర్చిపోకు. గిమరాస్ ఎండు మామిడి తేవాలి, అదీ మంచి చెట్టుది. ఉత్త చేతుల్తో ఇంటికొచ్చే మనిషి మన వంశంలో లేదు.

మీ అక్క
పూరింగ్

*

గిమరాస్
3 మార్చి 1984

ప్రియమైన అక్కకు,

నీ నోరు ఇంకా అలాగే ఉంది. చదువుతూ నవ్వాను, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూ మళ్ళీ నవ్వాను. క్రిసాంతో కంగారుపడి నీళ్ళు తెచ్చాడు. ఇప్పటికీ పడవే నడుపుతున్నాడు. నువ్వు "ఆ దీవివాడు" అని మా పెళ్ళికి అడ్డుపడ్డావే, అతనే. మన భాష ఇంకా వంకరటింకరగానే మాట్లాడతాడు.

మామిడి కాపు బాగుంది. ముక్కలు కోసి ఎండబెడుతున్నాను, నీవి వేరే డబ్బాలో. ఈమధ్య కాస్త చిక్కాను. గౌన్లు బిగించి కుట్టుకుంటున్నాను.

అక్కా, నేను బస్సెక్కిన రోజు నువ్వు పబావొన్ కట్టివ్వలేదు. పగవాళ్ళు ఊరెళుతున్నా దారిలో తినడానికి ఒక మూట చేతిలో పెడతారు కదా. మెడ నొప్పెట్టేదాకా కిటికీలోంచి వెనక్కి చూశాను. నిష్ఠూరం కాదు, ఊరికే గుర్తొచ్చింది.

నోరు ఎప్పుడూ చేదుగా ఉంటోంది. ఒక్క చిన్న బిళ్ళల పెట్టె పోస్టులో పంపవూ?

నీ చెల్లెలు
దొరాయ్

*

సాన్ మిగెల్
16 మార్చి 1984

ప్రియమైన దొరాయ్,

పోస్టులోనా? పోస్టులో వచ్చేది పసలూబోంగ్ ఎలా అవుతుందే పిచ్చిమొహమా? మనిషి మోసుకురావాలి. రేవులో, బస్సులో అందరి మోకాళ్ళూ తగిలి పెట్టె మూలలు నలగాలి. ముద్ర వేయించుకుని వచ్చేదాన్ని పార్సిలంటారు. నీకు తినాలనుంటే వచ్చి తిను. ఇక్కడ నీ చాప, నీ పళ్ళెం అలాగే ఉన్నాయి.

ఆ పాత సంగతి ఇప్పుడెందుకు? జాతరకు రెండు నెలలు కూడా లేవు. రొట్టె ముక్క కాకుండా అన్నం తిను.

పూరింగ్ అక్క

*

గిమరాస్
16 ఏప్రిల్ 1984

ప్రియమైన అక్కకు,

మామిడి కోస్తూ వేలు కోసుకున్నాను. నేను చెబుతుంటే క్రిసాంతో రాస్తున్నాడు. తప్పులుంటే అతన్నే తిట్టు.

జాతరకు రాలేనేమో. వానలు వెలిశాక చూద్దాం. నీ డబ్బాకు మూతేసి గుడ్డ కట్టాను. ఎవరినీ ముట్టుకోనివ్వను.

నువ్వే రాకూడదూ? అప్పుడు పసలూబోంగ్ తేవలసింది నువ్వవుతావు. పోస్టు గొడవే ఉండదు.

దొరాయ్

*

సాన్ మిగెల్
26 ఏప్రిల్ 1984

ప్రియమైన దొరాయ్,

మూడుసార్లు చదివాను. కోడి కెలికినట్టున్న ఆ అక్షరాలకు నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు. చివర నీ పేరు కూడా అతనే రాశాడు. తెగిన వేలితో సంతకం కూడా పెట్టలేవా?

అప్పుడు పాత ఉత్తరం తీశాను. దగ్గు, బిగించి కుట్టిన గౌన్లు, చేదు నోరు. అన్నీ రాశావు. పోస్టు గురించి వెటకారమాడటంలో పడి నేనే చదువుకోలేదు.

ఎల్లుండి ఓడకు వస్తున్నాను. ఇరవై నాలుగు బిళ్ళలు చేశాను, ఇరవై నాలుగు తోకల్లోనూ నీ పేరే. నేను వచ్చేదాకా మంచం దిగకు. ఇది అక్క మాట.

పూరింగ్

*

గిమరాస్
2 మే 1984

ప్రియమైన దొరాయ్,

ఈ ఉత్తరాన్ని నీ దిండు కింద పెడతాను. స్టాంపు అక్కర్లేదు.

ఓడ దిగి రేవులో పడవ కోసం చూస్తుంటే క్రిసాంతో ఎదురుపడ్డాడు. చొక్కాకు నల్లగుడ్డ ముక్క గుచ్చుకుని ఉంది. నా చేతిలో పెట్టె చూసి ఏడ్చాడు. ముందు రోజు తెల్లవారాక పోయావట. నా ఆఖరి ఉత్తరం నిన్న వచ్చింది. పోస్టుమన్ దాన్ని నా చేతికే ఇచ్చాడు.

"ఎందుకు రాయలేదురా నాకు?" అని అరిచాను నీ మొగుడి మీద.

"రాయొద్దంది అక్కా. జబ్బని తెలిస్తే జాలితో వస్తావు, తిట్టుకుంటూ వస్తేనే మా అక్క వచ్చినట్టు అంది. నేనేం చెయ్యను?"

అతని భాష అంత వంకరగా ఏం లేదే. నేనే ఇన్నాళ్ళూ వినలేదు.

నీ చేతుల్లో జపమాల పెట్టారు. నీ వెనక ఇంకెవరూ పోకుండా దాని దారం తెంపాలి కదా, కత్తెర కోసం వెతుకుతున్నారు. నా సంచిలో ఉంది. నీ పేరు కత్తిరించిన ఆ కత్తెరతోనే తెంపాను. నీ వేళ్ళు చల్లగా ఉన్నాయి. కోసుకున్న గాటు ఎక్కడా లేదు, అబద్ధాలకోరా.

ఇప్పుడు చెప్పక తప్పదు. నువ్వు వెళ్ళిన రోజు నేను పబావొన్ కట్టాను. పన్నెండు బిళ్ళలు, పన్నెండు కాగితాలు. పట్టుకుని తలుపు వెనకే నిలబడ్డాను, నువ్వొచ్చి అడిగితే ఇద్దామని. నువ్వు అడగలేదు. బస్సు హారన్ విని పరుగెత్తాను. రోడ్డు మీద దుమ్మే మిగిలింది. ఆ పెట్టెను ఆ సాయంత్రమే ఎవరో ప్రయాణికుడికి అమ్మేశాను. పరుగెత్తానని చెబితే తప్పు నాదని ఒప్పుకున్నట్టవుతుందని ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. నాది పొగరు చెల్లీ. నన్ను క్షమించు.

ఎండు మామిడి డబ్బా క్రిసాంతో ఇచ్చాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చెయ్యి పట్టుకున్నారు, "వద్దమ్మా, చావింటి నుంచి తినేదేదీ ఇంటికి తీసుకెళ్ళకూడదు, కీడు" అని. కీడు ఇంకేం మిగిలుంది? తీసుకెళ్తున్నాను. ఉత్త చేతుల్తో ఇంటికొచ్చే మనిషి మన వంశంలో లేదు.

నా పెట్టె నీ పక్కన పెట్టాను. మూలలు నలిగాయి చూడు, మోసుకొచ్చినట్టు సాక్ష్యం. రేవు దాకా అది పసలూబోంగే. నువ్వే దాన్ని పబావొన్ చేశావు.

దారిలో ఆకలేస్తే తిను. అన్నీ ఒకేసారి తినెయ్యకు.

నీ అక్క
పూరింగ్